మా సినిమాలో బాబాయ్ లేడు

ఆ సినిమా మార్కాపురానికి వచ్చిన దగ్గర్నుంచి నాకు ఎదురైన ప్రతివాడిదీ ఒకటే మాట. "నీ కథే తీసినారన్నా, పోయి చూడు." మెడికల్ షాపతను మందులు ఇవ్వడం ఆపి మరీ చెప్పాడు. మంగలి నా గడ్డానికి సబ్బు పూసి, నేను నోరు తెరవలేని సమయం చూసుకుని చెప్పాడు. బజార్లో ముక్కూమొహం తెలియనివాడొకడు బండి ఆపి, "టెంట్ హౌస్ అన్నవు నువ్వే కదా, నీ సినిమా బాగుంది" అని పోయాడు. పెళ్ళికాని మగవాడొకడు చిన్నపిల్లని పెంచుతాడట, హాలంతా ఒకటే నవ్వులట. నా కథే అయితే అందులో నవ్వడానికి ఏముందో నాకు బోధపడలేదు. నా బతుకులో నాకు నవ్వొచ్చి చాలా కాలమైంది.

నాది టెంట్ హౌస్. షామియానాలు, కుర్చీలు, వంట గిన్నెలు, మైకు సెట్టు అద్దెకిస్తాను. నేను పెంచుతున్నది మా అక్క కూతుర్ని. అక్క కామెర్లతో పోయేనాటికి పిల్లకి నడక కూడా సరిగా రాలేదు. బావ బెంగుళూరికి సెంట్రింగ్ పనికి పోతూ పిల్లని నా చేతిలో పెట్టి, "వచ్చే నెల వచ్చి తీసకపోతా" అన్నాడు. ఆ నెల ఇంతవరకూ రాలేదు. అక్కడే ఇంకో సంసారం పెట్టుకున్నాడని తర్వాత ఎవరో చెబితే తెలిసింది. పిల్ల మొన్న ఏడో తరగతి పరీక్షలు రాసింది.

పిల్లని పెంచడమంటే వేళకు తిండి పెట్టడం, బడికి పంపడం అనుకున్నాను. ఆ రెండూ కూడా నాకు సరిగా కుదిరి చావలేదు. ఇంట్లో వదిలి పోదామంటే చూసే దిక్కు లేదు. అందుకని నా కుర్చీలు ఎక్కడికి పోతే నా పిల్లా అక్కడికి వచ్చేది. త్రిపురాంతకంలో పెళ్ళయితే పెళ్ళికి, రాచర్లలో చావు దినమైతే దినానికి. ట్రాలీ ఆటోలో నా పక్కన కూర్చుని వచ్చేది, షామియానా ఎక్కడ వేస్తే అక్కడే తినేది, చుట్టి పెట్టిన తివాచీల మీద పడుకునేది. ఒకసారి బళ్ళో టీచరమ్మ "నిన్న మీ ఇంట్లో ఏం కూర?" అని పిల్లలందర్నీ అడిగిందట. మా పిల్ల లేచి, "నిన్న దినం మేడం, వంకాయ కూర. ఇయ్యాల నిశ్చితార్థం, ఏం చేస్తారో పోతేగాని తెలియదు" అందట. టీచరమ్మ నన్ను పిలిపించి, "మీ ఇంట్లో అసలు వండరా అండీ?" అని అడిగింది. నా దగ్గర వంద మందికి వండే గిన్నెలున్నాయి, ఇద్దరికి వండే గిన్నె లేదు. ఆ మాట ఆమెకు ఎట్లా చెప్పను? తల గోక్కుని వచ్చేశాను.

జడ సంగతి ఇంకో గోల. రెండు జడలు వేసి పైకి మడిచి రిబ్బన్లు కట్టి పంపాలని బడివాళ్ళ రూలు. నాకు తెలిసిన ముడి ఒక్కటే, షామియానా తాడును మేకుకి కట్టే ముడి. గాలి వచ్చినా వాన వచ్చినా ఊడదు. రిబ్బన్లకు అదే వేసి పంపాను. బళ్ళో యానివర్సరీ రోజు, డాన్సుకి జడ విప్పి పూలు పెడదామని చూస్తే ఆ ముడి ఎవరికీ లొంగలేదు. చివరికి నాకే ఫోన్ చేశారు. షాపు మూసుకుని పోయి, స్టేజీ వెనక అందరూ గుడ్లప్పగించి చూస్తుంటే విప్పి వచ్చాను. పైగా మా మహాతల్లి "మా మామ కట్టినాడు, మీకు రాదు" అని వాళ్ళ ముందు గొప్పలు పోయిందట.

ఇవన్నీ పడొచ్చు. పడ్డాను కూడా. నేను పడలేకపోయింది ఆ ఒక్క మాట, మామ.

తల్లి తమ్ముణ్ణి మామ అనక ఇంకేమంటారు? మాటలు వచ్చినప్పట్నుంచీ అట్లాగే పిలిచింది. మా వైపు పిల్ల పుట్టెంట్రుకలు తీయాలన్నా, చెవులు కుట్టాలన్నా మేనమామ ఒళ్ళో కూర్చోబెట్టాలి. అక్కడితో ఆగితే నాకే బాధా లేదు. వరస కలుస్తుందని వెనకటికి మేనకోడల్ని మేనమామకే ఇచ్చేవాళ్ళు. ఇప్పుడు అది చాలావరకు పోయింది. మా చర్చిలో అయితే పాస్టరు అయ్యగార్లు ఆ ఊసే ఎత్తనివ్వరు. పెళ్ళిళ్ళు పోయాయి గాని, దానిమీద ఆడే పరాచికం మాత్రం చావలేదు. ఏ ఫంక్షన్‌కు పోయినా ఎవరో ఒక ముసలాయన తాంబూలం నములుతూ "ఎవురబ్బా ఈ పాప?" అంటాడు. "మా అక్క కూతురు" అంటాను. "ఓహో, పెండ్లానికి ఇప్పట్నుంచే అన్నం పెడతాండావా" అంటాడు. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వుతారు. వాళ్ళ లెక్కలో అది తప్పు మాట కాదు, పిలిచి పీట వేసినంత మర్యాద.

నాకు మాత్రం అరికాలి మంట నెత్తికెక్కేది. ముక్కు తుడిచి, జ్వరమొస్తే ఒళ్ళు తుడిచి, పేలు తీసి, ఎక్కాలు అప్పజెప్పించుకుని పెంచుతున్న బిడ్డని పట్టుకుని ఆ మాట. ఒకసారి దోర్నాల రోడ్డులో ఒక గృహప్రవేశంలో పెద్దమనిషి ఒకాయన అదే కూశాడు. ఆయన కూర్చున్న కుర్చీ నాదేనని నాకు గుర్తొచ్చింది. "ఒకసారి లేయండి పెద్దాయనా" అన్నాను. లేచాడు. ఆ కుర్చీ తీసుకుపోయి బండిలో వేశాను. ఆయన భోజనాలయ్యేదాకా నిలబడే ఉన్నాడు. ఇంటివాళ్ళు మళ్ళీ నా దగ్గర సామాను తీసుకోలేదు, తీసుకోకపోతే మానె.

చిన్నప్పుడు అందరూ నవ్వుతుంటే పిల్లా నవ్వేది, ఏమిటో తెలియక. ఈ మధ్య ఆ మాట వినపడితే తల వంచుకుని బండి దగ్గరికి పోయి కూర్చుంటోంది. అది చూడలేక, "నలుగురిలో నన్ను మామా అని పిలవొద్దే" అని బతిమాలాను.

"మరి ఏమని పిలవాల?"

"పెదనాయనా అను."

"పెదనాయన అంటే నాయనకి అన్న. నువ్వు అమ్మకి తమ్మునివి. తప్పు గదా."

"తప్పయితే అయింది, ఎవురు దిద్దుతారు? అనవే."

ఐస్‌క్రీం ఆశ పెట్టి ఒప్పించాను. మర్నాడు ఒక పెళ్ళిలో, మైకులో పాట ఆగి అంతా నిశ్శబ్దంగా ఉన్న సమయాన, భోజనాల వైపు నుంచి "మామా, పెరుగు అయిపోయిందంట" అని కేక. ఐస్‌క్రీం దండగ.

ఎండాకాలం సెలవులు ఇవ్వగానే పుల్లలచెరువు అవతల పల్లె నుంచి జేజి దిగింది. నాయన తల్లిని మా వైపు జేజి అంటారు. అంటే ఆమె మా బావను కన్నతల్లి, నాకు అత్త వరస. ఏటా వచ్చి పిల్లని చూసి, రెండు రోజులుండి పోయేది. ఈసారి పిల్ల బట్టలు పెట్టుకోవడానికి ఖాళీ సంచి కూడా తెచ్చింది.

"తీసకపోతా నాయనా" అంది, కూర్చోకముందే. "రేపో మాపో పెద్దమనిషి అయితాది. పెండ్లికాని మగోని ఇంట్లో ఆడబిడ్డ ఎట్ల ఉంటాది? పైగా మామవు. లోకం నోరు నువ్వు మూయలేవు, నేనూ మూయలేను."

"ఇన్నేళ్ళు యాడికి పోయింది అత్తా ఆ లోకం? దీనికి టైఫాయిడ్ వచ్చినప్పుడు ఒక్కరన్నా వచ్చినారా?"

"రాలేదులే. అనడానికి వస్తారు."

"మీ ఊళ్ళో ట్యాంకర్ వస్తే నీళ్ళు, రాకపోతే లేవు. ఐదో తరగతి దాటితే బడి లేదు. దీన్ని తీసకపోయి ఏం చేస్తావు?"

"మేము బతకట్లేదా" అంది జేజి. ఆమె ఎండలో మిరపకాయ కోతకు పోయి బతికే మనిషి. పిల్లని కూడా ఆ కోతకు తీసుకుపోవాలని ఆమెకూ లేదని నాకు తెలుసు. భయపడుతోంది, అంతే. ఆ భయంలో అబద్ధం లేదు. అబద్ధమైతే తిట్టి పంపేవాణ్ణి. పిల్ల తలుపు దగ్గర నిలబడి అంతా విన్నది. "నేను పోను" అంది. ఆ మాట మేమిద్దరం విననట్టే ఊరుకున్నాం.

అప్పుడు నా బుర్రకి ఒక బ్రహ్మాండమైన ఆలోచన వచ్చింది. ఊరంతా నా కథే అంటున్న ఆ సినిమాకి జేజిని తీసుకుపోదామని. మగవాడు పిల్లని పెంచితే జనం చప్పట్లు కొట్టి చూస్తున్నారని కళ్ళారా చూస్తే ఈమె మనసు మారుతుంది కదా అనుకున్నాను. జేజి సినిమా హాలుకు రానంది, పాపమంది. "బిడ్డని పెంచే కథ అత్తా, మంచి సినిమా" అని నచ్చజెప్పి, మ్యాట్నీకి ముగ్గురం పోయాం. జేజి తన బైబిలు సంచి ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. పాటలు వచ్చినప్పుడల్లా కళ్ళు మూసుకుంది.

ఆ సినిమా సంగతి ఏం చెప్పమంటారు. హీరోకి ఒక బంగళా, బంగళాలో ఈతకొలను, వంటకి మనిషి. చచ్చిపోయిన అన్న కూతురు వాడి మీద పడుతుంది. మొదట అన్నం మాడుస్తాడు, జడ వంకరగా వేస్తాడు, హాలంతా నవ్వు. ఆ తర్వాత ఒక పాట. ఆ పాట అయ్యేసరికి వాడికి జడ వచ్చేసింది, వంట వచ్చేసింది, పిల్ల యూనిఫాం ఇస్త్రీ చెయ్యడం కూడా వచ్చేసింది. ఒక్క పాటలో. పిల్లకి జ్వరం వస్తుంది, వాడు తల దగ్గర కూర్చుని ఒక కన్నీటిబొట్టు కారుస్తాడు, మరుక్షణం పిల్ల లేచి గంతులేస్తుంది. వాంతి చేసుకోదు, రక్తపరీక్షకు గుచ్చుతుంటే నర్సు చెయ్యి కొరకదు. సినిమా మొత్తం మీద ఆ పిల్ల తల గోక్కోలేదు. పేలు లేని ఆడపిల్లని ఎక్కడ దొరకబుచ్చుకున్నారో ఏమో. నాలో నేను తిట్టుకుంటున్నాననుకున్నాను గాని బయటికే వినపడింది కాబోలు, ముందు సీటాయన వెనక్కి తిరిగి "సినిమా చూడనీయన్నా" అన్నాడు.

ఇంటర్వెల్‌లో పాప్‌కార్న్ కొనిచ్చాను. పిల్ల తినకుండా పొట్లం పట్టుకుని కూర్చుంది.

"మామా, ఆయన్ని ఎవురూ ఏమీ అనట్లేదు చూడు" అంది.

"ఏమంటారు?"

"అదే. ఆయన బాబాయ్ గదా. అందుకే అనట్లేదు. మామ అయ్యుంటే సినిమా తీసేవాళ్ళు కాదు."

నిజమే కదా. ఆ సినిమావాళ్ళు అన్నీ ఆలోచించి మామని తీసేసి బాబాయ్‌ని పెట్టుకున్నారు. వాడి కష్టాలు వంటా జడా వరకే. నాకు ఆ అదృష్టం లేదు. "పాప్‌కార్న్ తిను, చల్లారిపోతాది" అన్నాను.

సెకండాఫ్‌లో పిల్ల చదివే బళ్ళో టీచరు హీరోయిన్. ఆమె వాళ్ళింటికి వచ్చింది, వంట మనిషి చేతిలో గరిటె తీసుకుంది, పిల్ల ఆమెను అమ్మా అంది, పెళ్ళి, శుభం. నా చుట్టుపక్కల ఆడవాళ్ళందరూ కళ్ళు తుడుచుకున్నారు. నేను జేజి మొహం చూశాను. ఆమె కూడా తుడుచుకుంటోంది. నా ప్లాను పారిందనుకున్నాను.

బయటికి వచ్చి ఆటో ఎక్కాక జేజి అంది. "మంచి సినిమానే నాయనా. అయ్యగారికి చెప్పాల. చూసినావా, చివరికి ఆడదిక్కు వచ్చినాకనే ఆ ఇల్లు ఇల్లయింది."

ఏరికోరి తీసుకుపోయి చూపించింది నేనే. నా చెప్పుతో నన్నే కొట్టుకోవాలనిపించింది.

జేజి అన్నంత పనీ చేసింది. ఆదివారం ఆరాధన అయ్యాక, మధ్యాహ్నం అయ్యగారు, మా సంఘ పెద్ద ఒకాయన మా టెంట్ హౌస్‌కు వచ్చారు. నా మీద పంచాయితీకి నేనే కుర్చీలు తుడిచి వేశాను. కూల్‌డ్రింకులు తెప్పించాను. జేజి కింద చాప మీద కూర్చుంది. పిల్ల షాపు లోపల షామియానా మూటలకు ఆనుకుని నిలబడింది.

సంఘ పెద్ద ముందు నా పెళ్ళి మాట ఎత్తాడు. "నేను వద్దంటినా?" అన్నాను. "వచ్చిన ప్రతి సంబంధమూ పిల్లని హాస్టల్లో వేస్తేనే అంటాండారు. నేనేం చెయ్యాల? మీరే ఎవురినన్నా చూడండి, పిల్లతో సహా ఒప్పుకునేదాన్ని." ఆయన కూల్‌డ్రింకు సీసా అందుకున్నాడు. జేజి తన భయం మళ్ళీ చెప్పింది. నేను మళ్ళీ ట్యాంకరూ బడీ చెప్పాను. నా గొంతు పెరిగింది. అయ్యగారు చెయ్యి ఎత్తి ఆపారు.

"కోపం వద్దు. ఇద్దరిదీ ప్రేమే. చిక్కంతా ఆ పిలుపులో ఉంది" అన్నారు. "మామ అన్నంతకాలం జనం వరసలు కలుపుతానే ఉంటారు. వచ్చే ఆదివారం సంఘం ముందర ఇద్దర్నీ నిలబెట్టి ప్రార్థన చేస్తాను. ఆ పొద్దు నుంచి పాప ఇతన్ని నాయనా అని పిలుస్తాది. నాయనా అన్నాక ఇంక నోరెత్తేది ఎవురు? ఏమమ్మా, అట్లయితే పిల్లని ఈడ ఉంచుతావా?"

జేజి చాప మీద ముందుకు జరిగింది. "ఉంచుతాను అయ్యగారూ" అంది. "నాయన అంటే తండ్రి కింద లెక్క. ఇంక ఎవురూ అడ్డం చెప్పరు."

నేను ఒప్పుకున్నానో లేదో ఎవరూ అడగలేదు. పెదనాయన అనమని లంచం పెట్టానే గాని, నాయనా అనమని దాన్ని నేను ఎప్పుడూ అడగలేదు. అడగడానికి మొహం చెల్లలేదు. మనసులో మాత్రం ఆ పిలుపు విని పలికిన రోజులున్నాయి. అది ఇట్లా ఎదురొచ్చి, పిల్ల నా దగ్గరే ఉండిపోతుందంటే, నాకు సంతోషం పట్టలేదు. కుర్చీ చేతుల్ని గట్టిగా పట్టుకున్నాను.

"ఏదమ్మా, ఒకసారి పిలువు" అన్నారు అయ్యగారు.

పిల్ల షామియానా మూట తాడు వేలికి చుట్టుకుంటోంది. సిగ్గుపడుతోందనుకున్నాను.

"పిలువే" అన్నాను. "ఈడ ఉండాలని లేదా నీకు?"

"ఉండాల."

"మరి అను. ఒక్క మాట."

"అనను."

నాకు తిక్క రేగింది. అన్నం తినమంటే తినదు, తల దువ్వుకోమంటే దువ్వుకోదు, ఇప్పుడు కొంప నిలబెట్టే ఒక్క మాట అనవే తల్లీ అంటే అనదు. మొండిఘటం. సంచి అక్కడే ఉంది, జేజి పక్కన. ఈ పిల్ల మొండితనానికి అది నిండి, సాయంత్రం బస్సుకు పోతుందని నాకు కళ్ళకు కట్టినట్టు కనపడింది. "నీకేమన్నా పట్టిందా?" అని అరిచాను. "నన్ను నాయనా అంటే నీ నోరు పడిపోతాదా?"

అయ్యగారు నన్ను ఆగమని, మెల్లగా అడిగారు. "ఎందుకు అనవమ్మా? చెప్పు, ఎవురూ తిట్టరు."

పిల్ల కాలి బొటనవేలుతో నేల రాస్తూ అంది. "నాయన అంటే వస్తానని చెప్పి రానోడు గదా. మామ ఎప్పుడూ అట్ల చెయ్యలేదు. మామని ఆ మాట ఎందుకనాల?"

సంఘ పెద్ద తాగుతున్న సీసా కింద పెట్టాడు. నేను పిల్ల వైపు చూడలేక రోడ్డు వైపు చూశాను. ఇన్నేళ్ళూ నేను ఏ మాట కోసం మొహం వాచిపోయానో అది దాని దృష్టిలో తిట్టు. ఏ మాట వల్ల కుర్చీ లాక్కున్నానో అది ఈ పిల్ల నాకిచ్చుకున్న గౌరవం. నాకు ఏడుపొచ్చింది, అయ్యగారి ముందే. ఆపుకోలేదు.

జేజి పైట చెంగుతో మొహం గట్టిగా తుడుచుకుంది. ఆ రానివాడిని కన్నది ఆమే.

"లేయండి అయ్యగారూ" అంది. "పిల్ల ఈడనే ఉంటాది. మామ అనే పిలుచుకోనీండి."

"మరి రేపు జనం ఏమన్నా అంటే?" అన్నాడు సంఘ పెద్ద.

"అన్నోళ్ళని నా కాడికి పంపీండి. మాట మార్చుకోవాల్సింది ఈ బిడ్డ కాదు." నా వైపు తిరిగింది. "అది పెద్దమనిషి అయిన పొద్దు నాకు ఫోన్ చెయ్యి. నేనొచ్చి అన్నీ దగ్గరుండి చేస్తా. ఆడదిక్కు లేదనే మాట రానీను."

మర్నాడు పొద్దున ఆమెను బస్టాండుకు నేనే తీసుకుపోయాను. ఖాళీ సంచి మడిచి బైబిలు సంచిలో పెట్టుకుంది. పుల్లలచెరువు బస్సు వచ్చింది, సీటు పట్టి కూర్చోబెట్టాను. దిగిపోతుంటే కిటికీలోంచి పిలవబోయింది. ఆమె మగపిల్లలందరినీ నాయనా అనే పిలుస్తుంది, కండక్టర్నయినా, నన్నయినా, ఒకప్పుడు తన కొడుకునయినా. "నా" అని, అక్కడే ఆగిపోయింది. పైట సర్దుకుని, "అబ్బయ్యా, పాప జాగ్రత్త" అంది.

నాకు మళ్ళీ చిరాకేసింది, ఎవరి మీదో తెలియదు. "నాయనా అనే పిలువత్తా" అన్నాను. "పిల్ల ఏదో అంది. నాకేం కాదు."

"నీకేం కాదులే" అంది జేజి. "నాకే నోరు రావట్లేదు."